పాత ఇంటిని చల్లగా మార్చుకోవాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత

హైదరాబాద్ శివార్లలో, అల్వాల్‌లోనో వనస్థలిపురంలోనో బోడుప్పల్‌లోనో, పాతికేళ్ల కిందట కట్టిన ఇండిపెండెంట్ ఇల్లు మీకుందనుకుందాం. 200 గజాల స్థలం, వెయ్యి చదరపు అడుగుల స్లాబు, రెండు పడకగదులు, ఒక హాలు, మేడ మీదికి మెట్లు. గోడలు గట్టిగానే ఉన్నాయి. కానీ ఏప్రిల్ వచ్చిందంటే రాత్రి పదకొండింటికి కూడా స్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది. ఏసీ ఆపి అరగంట కూర్చోలేరు. మే నెల బిల్లు చేతికొచ్చేసరికి టెన్షన్.

ఇల్లు బాగు చేయిద్దామని అనగానే చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేవి రెండే. పడగొట్టి మళ్లీ కట్టేయండి, లేదంటే సోలార్ పెట్టించేయండి. ఆ రెండూ ఆలోచించే ముందు ఇది వినండి. వేడిని ఇంట్లోకి రానివ్వకుండా ఆపే పనులు మొదట చేయించండి. ఆ తర్వాత గాలి సంగతి చూడండి. ఫ్యాన్లు, ఏసీలు ఆ తర్వాత. సోలార్ అన్నిటికన్నా చివర. ఈ వరస తప్పితే ఖర్చు పెరుగుతుంది. ఇల్లు వేడిగా ఉన్నప్పుడే సోలార్ కోసం లెక్క వేయిస్తే ఐదు కిలోవాట్లు కావాలంటారు. అదే ఇల్లు చల్లబడ్డాక లెక్క వేయిస్తే మూడుతో సరిపోవచ్చు.

పడగొట్టే ఆలోచనను మాత్రం వీలైనంత దూరం పెట్టండి. ఇటుకలు కాల్చడానికి, ఇనుము కరిగించడానికి, సిమెంటు కోసం సున్నపురాయిని 1,400 డిగ్రీలు దాటిన బట్టీలో కాల్చడానికి పట్టిన ఇంధనమంతా ఇప్పటికే ఖర్చైపోయింది. గోడలు కూల్చి కొత్తవి కడితే అదంతా మళ్లీ మొదటి నుంచి ఖర్చు పెట్టాలి. పాత టేకు తలుపులు, ద్వారబంధాలు, తాండూరు బండలు ఇప్పుడు అదే నాణ్యతతో కొనాలంటే ఎంతవుతుందో ఒకసారి అడిగి చూడండి. అయితే స్లాబు పెచ్చులూడి ఇనుము బయటపడుతున్నా, దూలాల్లో పగుళ్లున్నా ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి. ఈ ఒక్క విషయంలో మేస్త్రీ మాట చాలదు.

వేడి ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోండి

గత పన్నెండు నెలల కరెంటు బిల్లులు తీయండి. మే నెల యూనిట్లలోంచి ఫిబ్రవరి యూనిట్లు తీసేయండి. ఫిబ్రవరిలో 180, మేలో 460 ఉంటే తేడా 280. ఆ 280 యూనిట్లూ దాదాపుగా చల్లదనం కోసం పెట్టిన ఖర్చే. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది కాబట్టి మీ బిల్లులో అన్నిటికన్నా ఖరీదైన యూనిట్లు కూడా అవే. మన పని అంతా వాటిని తగ్గించడం గురించే.

తర్వాత నిండు ఎండాకాలంలో ఒక సాయంత్రం ఏడింటికి స్టూలు ఎక్కి సీలింగ్‌కు అరచేయి ఆనించి చూడండి. ఆ తర్వాత పడమటి గోడకు, దక్షిణపు గోడకు, తూర్పు గోడకు, చివరికి ఉత్తరపు గోడకు. ఎక్కడ చేయి నిలవడం లేదో, ఎక్కడ హాయిగా ఉందో అరచేతికే తెలిసిపోతుంది. యంత్రాల వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ దొరికితే ఇంకా మంచిది, అంకెలు రాసిపెట్టుకోవచ్చు. ఒక అంతస్తు ఇళ్లలో సీలింగే అన్నిటికన్నా వేడిగా ఉంటుంది. వేసవిలో సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి గోడలకన్నా స్లాబు మీదే ఎక్కువ ఎండ పడుతుంది. ఐదంగుళాల కాంక్రీటు పగలంతా తాగిన ఆ వేడిని కొన్ని గంటలు ఆలస్యంగా కిందికి దింపుతుంది. మీరు పడుకునే వేళకు గది ఉడికిపోయేది అందుకే.

ఇరుగుపొరుగు ఇళ్లను కూడా చూసుకోండి. పడమటి వైపు పక్కింటివాళ్లు రెండు అంతస్తులు వేసి ఉంటే మీ పడమటి గోడకు సాయంత్రపు ఎండ తగలదు. అక్కడ పైసా పెట్టక్కర్లేదు.

సంక్రాంతి రోజుల్లో ఇంకో చిన్న పని ఉంది. మేడ ఎక్కి ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, మూడింటికి నీళ్ల ట్యాంకు నీడ, మెట్లగది నీడ ఎక్కడెక్కడ పడుతున్నాయో ముగ్గుపిండితో గీతలు గీసి ఫోటో తీసి పెట్టుకోండి. ఏడాది మొత్తంలో నీడలు పొడుగ్గా సాగే రోజులవి. సోలార్ ప్యానెళ్లు ఎక్కడ పెట్టకూడదో ఈ గీతలే చెబుతాయి. వాస్తు ప్రకారం మనవాళ్లు ట్యాంకును నైరుతిలో ఎత్తుగా పెడతారు. శీతాకాలంలో మధ్యాహ్నం తర్వాత దాని నీడ ఈశాన్యం వైపు మేడ మీద చాలా దూరం పాకుతుంది.

అసలు పనికి అదను కూడా సంక్రాంతి తర్వాతే. స్లాబు పని శివరాత్రికల్లా ముగించండి. ఆ తర్వాత ఎండలు ముదురుతాయి, క్యూరింగ్‌కు, అంటే కొత్త కాంక్రీటును తడిపి ఉంచడానికి, నీళ్లు ఎక్కువ కావాలి, శివార్లలో అప్పటికే ట్యాంకర్ల కోసం ఎదురుచూపులు మొదలవుతాయి.

స్లాబు: ఎక్కువ డబ్బు ఇక్కడే పెట్టండి

బడ్జెట్ ఎంతైనా సరే, అందులో మొదటి వాటా స్లాబుదే. దీన్ని మూడు విడతల్లో చేయాలి.

మొదటిది లీకేజీ. చెమ్మ ఉన్న స్లాబు మీద ఏ కోటింగ్ వేసినా రెండేళ్లలో పొరలు పొరలుగా లేస్తుంది. పాత గచ్చు బోలుగా మోగుతుంటే తీసేయించండి. పగుళ్లు, పిట్టగోడ కలిసే మూలలు పూడ్పించి వాటర్‌ప్రూఫింగ్ చేయించండి. అది ఆరాక డౌన్ పైపుల మూతుల్లో ప్లాస్టిక్ చుట్టిన గోనెగుడ్డలు కుక్కి, స్లాబు మీద రెండంగుళాల లోతు నీళ్లు నిలబెట్టించండి. పిట్టగోడ మీద నీటిమట్టం దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి రెండు రోజులు ఆగండి. ఎండకు కొంత ఆవిరైపోతుంది, దానికి కంగారు పడొద్దు. మీరు చూడాల్సింది కింద గదుల్లో. ఫ్యాను కొక్కెం చుట్టూ, గోడ సీలింగ్ కలిసే చోట, బాత్రూం పైన టార్చి వేసి వెతకండి. చెమ్మ మరక నాణెమంత కనిపించినా పని ముందుకు కదలనివ్వకండి. నీళ్లు వదిలేటప్పుడు కూడా అక్కడే ఉండండి. ఎక్కడ నీళ్లు నిలిచిపోతున్నాయో అక్కడ వాటం సరిగా లేదన్నమాట. వాటం సరిచేయడానికి ఇంతకన్నా మంచి సమయం మళ్లీ రాదు.

రెండోది ఇన్సులేషన్. వాటర్‌ప్రూఫింగ్ మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ బోర్డులు (వేడిని ఆపే గట్టి నురుగు ప్లాస్టిక్ పలకలు) సందు లేకుండా పరిచి, దాని మీద జియోటెక్స్‌టైల్ గుడ్డ, ఆ పైన సన్నటి కాంక్రీటు పొర లేదా టైల్స్ వేస్తారు. మామూలు తెల్ల థర్మోకోల్ వాడనివ్వకండి. అది బరువుకు నలుగుతుంది, నీళ్లు పీలుస్తుంది. లెక్కలో చూస్తే, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే వట్టి స్లాబులో చదరపు మీటరుకు మూడున్నర వాట్ల దరిదాపుల్లో వేడి దిగుతుంది. కేంద్రం 2018లో ఇళ్ల కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం అది 1.2 వాట్లకు మించకూడదు. రెండంగుళాల ఎక్స్‌పీఎస్ వేస్తే అంతకన్నా కూడా కిందికి వస్తుంది. ఇన్సులేషన్ స్లాబు పైనే ఉండాలి. కింద ఫాల్స్ సీలింగ్‌లో పెడితే గదికి కొంత ఉపశమనం ఉంటుంది కానీ స్లాబు మాత్రం ఎండకు సాగుతూ, రాత్రికి ముడుచుకుంటూ పగుళ్లిస్తూనే ఉంటుంది. పైన వేస్తే స్లాబు ఆయుష్షు కూడా పెరుగుతుంది.

ఇక్కడ బరువు మర్చిపోవద్దు. రెండంగుళాల కాంక్రీటు పొర ఒక్కటే చదరపు మీటరుకు 120 కిలోలు. పాత గచ్చు తీయకుండా దాని మీద ఇదంతా వేస్తామంటే ఒప్పుకోకండి. మిద్దె తోట పెట్టాలనుకునేవాళ్లకూ ఇదే మాట. మనుషులు తిరిగే మేడకు భారతీయ ప్రమాణం ప్రకారం లెక్కలోకి తీసుకునే బరువు చదరపు మీటరుకు 150 కిలోలు. అడుగు లోతు తడి మట్టి 500 కిలోలు తూగుతుంది. స్లాబు మీద నేరుగా మట్టి నింపి మళ్లు కట్టడం పాత ఇళ్లకు ప్రమాదం. కుండీలు, గ్రో బ్యాగులు పెట్టండి, అవి కూడా మధ్యలో కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్న చోట. మట్టికి బదులు కొబ్బరి పొట్టు, కంపోస్టు ఎక్కువ కలిపితే బరువు బాగా తగ్గుతుంది.

మూడోది తెలుపు. పైపొర ఏదైనా తెల్లగా ఉండాలి. కూల్ రూఫ్ పెయింట్ కావచ్చు, తెల్ల టైల్స్ కావచ్చు, పగిలిన తెల్ల టైలు ముక్కలతో చేసే చైనా మొజాయిక్ కావచ్చు. మసిబారిన పాత సిమెంటు మేడ తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగం తాగేస్తుంది. కొత్త తెల్ల కోటింగ్ దాదాపు 80 శాతం వెనక్కి కొట్టేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్నది కూడా ఈ లెక్కే. ఇన్సులేషన్‌కు ఈ ఏడాది డబ్బు చాలకపోతే లీకేజీ బాగు చేయించి తెల్ల కోటింగ్ వేయించి ఆపండి. అదీ కుదరకపోతే సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి రెండు కోట్లు కొట్టించండి. ఒక వానాకాలానికే కొట్టుకుపోతుంది, ఏటా వేయాల్సి వస్తుంది, అయినా తొలి రాత్రే తేడా తెలుస్తుంది. ఏది వేసినా ఫిబ్రవరి చివర్లో ఒకసారి చీపురుతో రుద్ది కడగాలి. మన శివార్ల దుమ్ము పేరుకుంటే తెలుపు బూడిదరంగు అయిపోతుంది.

పడమటి గోడ, కిటికీలు

దక్షిణపు కిటికీని కాపాడటం తేలిక. హైదరాబాద్‌లో నాలుగడుగుల ఎత్తు కిటికీకి రెండడుగుల సజ్జా ఉంటే, ఫిబ్రవరి చివరి నుంచి అక్టోబరు మధ్య దాకా మధ్యాహ్నపు ఎండ లోపల పడదు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి దిగినప్పుడు మాత్రం లోపలికొస్తుంది, అప్పుడది మనకు కావాల్సిందే. ఇరవై నాలుగంగుళాల సజ్జాను ఫ్రంట్ ఎలివేషన్ అందం కోసం కొట్టేయించేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

పడమర అలా కాదు. మే నెల సాయంత్రం నాలుగింటికి సూర్యుడు బాగా కిందికి వస్తాడు. అదే రెండడుగుల సజ్జా అప్పుడు కిటికీలో పైన సుమారు అడుగున్నర వరకే నీడనిస్తుంది. కింది భాగమంతా ఎండే. కాబట్టి పడమటికి పై నుంచి కాక ఎదురుగా అడ్డం ఉండాలి. కిటికీ బయట వెదురు తడకలు, కదిలే నిలువు పట్టీలు, కొయ్య జాలీ, ఏదైనా పనిచేస్తుంది. బయట అన్నది గట్టిగా గుర్తుపెట్టుకోండి. లోపలి కర్టెన్ వెలుగును ఆపుతుంది. అప్పటికే అద్దం దాటి వచ్చేసిన వేడిలో చాలా భాగం గదిలోనే ఉండిపోతుంది.

గోడకైతే తీగలు మంచి మందు. గోడకు అడుగు దూరంలో జీఐ వైరుతో గానీ వెదురుతో గానీ పందిరి నిలబెట్టి రాధామనోహరం, సన్నజాజి పాకించండి. అవి ఎదిగే లోపల ఆ వేసవికి సొర, బీర పాదులు పెట్టొచ్చు. కూరగాయలూ వస్తాయి. గోడకు ఆనించి పాకిస్తే చెమ్మ, చీమలు తప్పవు, అందుకే ఆ అడుగు ఖాళీ. పడమటి వైపు రెండు గజాల నేల ఖాళీగా ఉంటే ఒక వేపో కానుగో నాటండి, పునాదికి మరీ దగ్గరగా కాకుండా. లోపల వార్డ్‌రోబ్‌లు కొత్తగా చేయిస్తుంటే వాటిని పడమటి గోడకు, వెనక కొంచెం సందు వదిలి పెట్టించండి. బట్టలతో నిండిన అల్మరా కూడా వేడికి అడ్డమే. బయటి గోడల రంగు విషయంలో ఒకటే మాట, లేత రంగులు. ముదురు గ్రే ఇప్పుడు ఫ్యాషన్. పడమటి గోడకు మాత్రం అది వద్దు.

ముందు వైపు గోడంతా అద్దం, ఏసీపీ షీట్లు (అల్యూమినియం పూత పలకలు) వేయించే సంగతి అయితే, నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మన ఎండకు అది పనికిరాదు. ఆ డబ్బుతో స్లాబుకు ఇన్సులేషన్ అయిపోతుంది.

గాలి రావాలి, వేడి గాలి పోవాలి

కిటికీలు మార్చేటప్పుడు చాలామంది పాత టేకు రెక్కల కిటికీలు తీసేసి యూపీవీసీ స్లైడింగ్ పెట్టిస్తారు. స్లైడింగ్ కిటికీ ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ మొత్తం తెరుచుకుంటుంది. గాలి కోసమైతే రెక్కలే మేలు. పాత చట్రం గట్టిగా ఉంటే గీకించి, నూనె పట్టించి, రెక్కల అంచుల సందులకు రబ్బరు బీడింగ్, లోపలి వైపు దోమల జాలీ పెట్టిస్తే కొత్తదాని కన్నా ఎక్కువ కాలం ఉంటుంది. జాలీ లేకపోతే రాత్రి కిటికీ తీయరు. తీయకపోతే ఈ పనంతా వృథా.

ఒక గదికి గాలి వచ్చే దారి ఒకటి, పోయే దారి ఇంకొకటి ఉండాలి. ఒకే గోడకు రెండు కిటికీలున్నా గాలి ఆడదు. ఎదుటి గోడకు కిటికీ పెట్టే చోటు లేకపోతే తలుపు పైన పాతకాలంలో పెట్టే వెంటిలేటర్‌ను మళ్లీ తెరిపించండి. చాలా ఇళ్లలో ఏసీ వచ్చాక దాన్ని అట్టముక్కతో మూసేసి ఉంటారు. ఏసీ వాడే గదిలో దానికి తెరిచి మూసే అద్దపు రెక్క పెట్టిస్తే రెండు విధాలా బాగుంటుంది.

మెట్లు ఇంటి లోపల నుంచే మేడ మీదికి వెళ్తుంటే మీకు మంచి వెసులుబాటు ఉన్నట్టే. వేడి గాలి పైకి లేస్తుంది కాబట్టి మెట్లగది గోడల్లో పైభాగాన జాలీలు గానీ తెరిచే వెంటిలేటర్లు గానీ పెట్టించండి. వాన జల్లు పడకుండా పైన చిన్న సజ్జా. ఇంట్లోని వేడంతా అక్కడి నుంచి బయటికి పోతుంది, కింది కిటికీల్లోంచి చల్లగాలి లోపలికొస్తుంది. జాలీ గోడలు, గాలి గోపురాలు పెద్ద భవనంలో ఎలా పనిచేస్తాయో చూడాలనుంటే కొత్తగూడలోని సీఐఐ సోహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ మన ఊళ్లోనే ఉంది. 2004లో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన ఆ భవనం, పర్యావరణహిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్‌ను అమెరికా బయట అందుకున్న మొట్టమొదటిది.

ఇల్లు మారాక అలవాటు కూడా కొంచెం మారాలి. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి వేసవి ఉండే చోట్ల ఉదయం ఎనిమిది తొమ్మిది గంటలకు కిటికీలు మూసేయండి, చీకటి పడ్డాక అన్నీ బార్లా తెరవండి. పగటికీ రాత్రికీ పది డిగ్రీలకు పైగా తేడా ఉండే రోజుల్లో గోడలు రాత్రంతా చల్లబడి మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ చల్లదనాన్ని నిలుపుకుంటాయి. ఈ ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో కూలర్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఏసీలో చిన్న వాటా కరెంటే తీసుకుంటుంది. వట్టివేళ్ల తడికెలు దొరికితే వాటినే వాడండి. విజయవాడ, విశాఖ, కాకినాడలో ఉన్నవాళ్లకు మాత్రం ఈ సలహా పనికిరాదు. అక్కడ గాలిలో తేమ ఎక్కువ, కూలర్ పెడితే ఉక్క పెరుగుతుంది. కోస్తాలో స్లాబు, పడమటి గోడ పనులు మామూలే. కానీ గాలి విషయంలో పగలు కూడా నీడ ఉన్న వైపు కిటికీలు తెరిచి, ఫ్యాను మీద, ఎదురెదురు కిటికీల మీద ఆధారపడాలి.

ఫ్యాన్లు, ఏసీ, గీజర్

పాత ఫ్యాను 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు. రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఫ్యానుకు నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. ఐదు ఫ్యాన్లకు 80. అన్నీ ఒకేసారి మార్చలేకపోతే ఎక్కువ తిరిగే హాలు, పడకగదుల ఫ్యాన్లు ముందు మార్చండి. పూజగది ఫ్యానుకు తొందరేం లేదు.

ఏసీని మాత్రం స్లాబు పని తర్వాత ఒక వేసవి గడిచే దాకా కొనకండి. ముందు ఒకటిన్నర టన్ను కావాలనిపించిన గదికి తర్వాత ఒక టన్ను చాలని తేలడం మామూలే. ఐదు నక్షత్రాల ఇన్వర్టర్ రకం తీసుకుని 26 దగ్గర పెట్టి ఫ్యాను వేసుకోండి. సెట్టింగ్ ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ లెక్క.

గీజర్ బదులు నలుగురికి వంద లీటర్ల సోలార్ వాటర్ హీటర్ సరిపోతుంది. మీది బోరు నీళ్లయితే హీట్ ఎక్స్‌చేంజర్ ఉన్న రకమే అడగండి. మామూలు ట్యూబుల్లో మన నీళ్లకు సున్నం పేరుకుంటుంది.

వాన నీళ్లు

స్లాబు పని నడుస్తుండగానే దీన్ని కలిపేయండి, తర్వాత అయితే మళ్లీ పైపులు విప్పాలి. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వాన. వెయ్యి చదరపు అడుగుల మేడ మీద అది 74 వేల లీటర్లు. ఆవిరి, చిమ్మినవి పోగా 60 వేలు చేతికొస్తాయి, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. డౌన్ పైపులన్నీ ఒకచోటికి తెచ్చి, తొలి వాన మురికి బయటికి పోయేలా ఒక వాల్వు పెట్టించి, అక్కడి నుంచి సంపులోకి వడపోత గుండా, సంపు నిండాక ఇంకుడు గుంతలోకి వెళ్లేలా చేయించండి. గుంతలో అడుగున పెద్ద రాళ్లు, వాటి మీద కంకర, పైన ఇసుక. పై ఇసుకను ఏటా వానలకు ముందు తీసి కడగాలి. దాన్ని వదిలేయడం వల్లే చాలా గుంతలు మూడో ఏటికి నీళ్లు పీల్చడం మానేస్తాయి. వాషింగ్ మెషీన్ నీళ్లను మెట్ట తామర, అరటి మొక్కల పాదులకు మళ్లిస్తే బోరు మీద భారం ఇంకాస్త తగ్గుతుంది.

ఇప్పుడు సోలార్

ఒక వేసవి గడిచి కొత్త బిల్లులు చేతిలో ఉన్నాయి. ఇక సైజు లెక్క తేలిక. ఒక కిలోవాట్ రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది, మూడు కిలోవాట్లు నెలకు 360. మీ ఏడాది మొత్తం యూనిట్లను పన్నెండుతో భాగించి చూసుకోండి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆ పైన ఎంతైనా 78 వేల రూపాయలు కేంద్రం సబ్సిడీ ఇస్తుంది. పథకం పోర్టల్‌లో దరఖాస్తు పెడితే డిస్కం, అంటే మీ కరెంటు పంపిణీ సంస్థ, అనుమతి ఇస్తుంది. అక్కడ నమోదైన వెండర్‌తోనే పెట్టించుకోవాలి, ప్యానెళ్లు దేశంలో తయారైనవే కావాలి. నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటునూ, లైన్‌లోకి పంపిన కరెంటునూ లెక్కించేది) బిగించి తనిఖీ అయ్యాక డబ్బు మీ ఖాతాలో పడుతుంది.

ముగ్గుపిండి గీతల ఫోటో వెండర్‌కు చూపించండి. ఒక ప్యానెల్ మీద నీడ పడినా దానితో కలిపిన వరస మొత్తం దిగుబడి తగ్గుతుంది. ప్యానెళ్లు దక్షిణానికి, పదిహేను డిగ్రీల వాలులో ఉంటే మనకు బాగుంటుంది. స్లాబుకు రంధ్రాలు వేసి బోల్టులు దింపుతామంటే ఒప్పుకోకండి, మీరు అంత జాగ్రత్తగా చేయించిన వాటర్‌ప్రూఫింగ్ అక్కడే చిల్లుపడుతుంది. కాంక్రీటు దిమ్మెల మీద గానీ, దూలాల మీదికి లేపిన స్తంభాల మీద గానీ నిలబెట్టించండి. ఎనిమిది అడుగుల ఎత్తున పందిరిలా వేస్తే కింద బట్టలు ఆరేసుకోవచ్చు, ఆ మేరకు స్లాబుకు నీడ కూడా. అయితే మూడు కిలోవాట్ల ప్యానెళ్లు కప్పేది 200 చదరపు అడుగుల లోపే, కాబట్టి ప్యానెళ్ల నీడ ఉంది కదా అని ఇన్సులేషన్ మానేయొద్దు. ఎత్తు పెంచితే గాలి దెబ్బ కూడా పెరుగుతుంది, ఇంజినీరు సరే అన్నాకే.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. కరెంటు లైన్‌కు కలిపి పెట్టే మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్, కరెంటు పోయినప్పుడు తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. కోతల్లో కూడా కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి.

పని అప్పగించేటప్పుడు కాగితం మీద ఉండాల్సినవి

బోర్డు పేరు, మందం, సాంద్రత. కోటింగ్ ఎన్ని పొరలు, డబ్బాకు ఎన్ని చదరపు అడుగులు. నీళ్లు నిలబెట్టే పరీక్ష రెండుసార్లు, వాటర్‌ప్రూఫింగ్ తర్వాత ఒకసారి, మొత్తం పని అయ్యాక ఒకసారి. శిథిలాలు ఎక్కడికి వెళ్తాయో కూడా రాయించండి. ట్రాక్టర్ వాడు రాత్రిపూట దగ్గరి చెరువు గట్టున పోసి వెళ్లిపోతే, మనం గ్రీన్ అని చేయించిన పని ఆ చెరువును పూడ్చినట్టే. జీడిమెట్ల, ఫతుల్లాగూడలో నిర్మాణ వ్యర్థాలను పొడి చేసి మళ్లీ వాడకానికి పనికొచ్చేలా చేసే కేంద్రాలున్నాయి. పగలని ఇటుకలు, బండలు, టైలు ముక్కలు ముందే వేరు చేయించి ఇంటి దగ్గరే పెట్టుకోండి, చైనా మొజాయిక్‌కు, ఇంకుడు గుంతకు, పెరటి బాటకు అక్కరకొస్తాయి. చివరి వాయిదాగా మొత్తంలో పదో వంతు ఆపి, జూన్‌లో రెండు మూడు గట్టి వానలు పడి సీలింగ్ పొడిగా ఉందని చూసుకున్నాకే ఇచ్చేలా ముందే మాట్లాడుకోండి.